బెజవాడ పాత కార్ల బ్యాచ్‌తో యూరప్ యుద్ధభూముల టూర్: మన కార్లు ఓడెక్కించాలా, అక్కడే తీసుకోవాలా?

బందర్‌రోడ్_పద్మిని:

అందరికీ నమస్తే. మాది విజయవాడ, పాత కార్ల పిచ్చోళ్ల గుంపు. క్లబ్ అని చెప్పుకుంటాం గానీ బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఆదివారం తెల్లారగానే బెంజ్ సర్కిల్ దగ్గర కలిసి, ఎండ ముదిరేలోపు మంగళగిరి దాకానో గన్నవరం దాకానో వెళ్లి ఇడ్లీ తిని వచ్చేస్తాం, అంతే. ఫియట్ 1100లు, పద్మినులు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, ఒక మార్క్ 2 అంబాసిడర్ ఉన్నాయి. ఒక పెద్దాయన దగ్గర మోరిస్ మైనర్, ఇంకొకాయన దగ్గర మహీంద్రా వాళ్ల పాత విల్లీస్ జీపు.

ఇప్పుడు సంగతేంటంటే, వచ్చే ఏడాది మే నెలాఖరులో యూరప్ వెళ్దామని అందరూ ఊపు మీద ఉన్నారు. మామూలు ప్యాకేజీ టూర్ వద్దంట, ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగి రావడం వద్దంట, యుద్ధభూములు చూడాలంట, అదీ పాత కార్లలోనే తిరగాలంట. బాగానే ఉంది. కానీ లిస్టు రాయమంటే వాటర్లూ, సోమ్, వెర్దూన్, నార్మండీ, బస్తోన్, మోంటే కస్సినో అన్నీ రాశారు, ఒకాయన ఏకంగా స్టాలిన్‌గ్రాడ్ కూడా ఇరికించాడు. చేతిలో ఉన్నది పది పన్నెండు రోజులు. చాలామంది యాభై దాటినవాళ్లు, సగం మంది శాకాహారులు, ఇద్దరికి మోకాళ్ల నొప్పులు.

అడగాలనుకున్నవి ఇవి. మన కార్లు కంటైనర్‌లో పంపడం అయ్యే పనేనా, లేక అక్కడే పాత కార్లు అద్దెకు దొరుకుతాయా? ఈ లిస్టులో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి? ఆడవాళ్లు కూడా వస్తామంటున్నారు, వాళ్లకి సమాధులూ కందకాలూ బోర్ కొట్టవా? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఊరికే ఆల్ ది బెస్ట్ అనకండి.

తెనాలి_టు_లిల్:

అన్నా, నేను ఉండేది ఫ్రాన్స్ ఉత్తరాన లిల్‌లో, మీరు అడిగినవాటిలో కొన్ని మా ఇంటికి గంట, గంటన్నర దూరంలోనే ఉన్నాయి, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ లిస్టు చించేయండి. మోంటే కస్సినో రోమ్‌కి అవతల ఉంది, నార్మండీ ఇటు సముద్రం ఒడ్డున. రెండూ పెట్టుకుంటే మీరు చూసేది యుద్ధభూములు కాదు, టోల్‌గేట్లు. స్టాలిన్‌గ్రాడ్ అయితే ఏకంగా రష్యాలో ఉంది, దాని గురించి ఇక మాట్లాడను. ఒకే ముడి పట్టుకోండి: ఈప్ర్, నవ్ షపెల్, సోమ్, వాటర్లూ. ఈ నాలుగూ బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ మధ్య దగ్గర దగ్గరగా ఉన్నాయి, వాటర్లూ వెళ్లే రోజు తప్పిస్తే రోజుకి వంద కిలోమీటర్లు మించకుండా, హైవే ఎక్కకుండా, పొలాల మధ్య చిన్న రోడ్ల మీద పోవచ్చు. పాత కారుకి కావలసింది కూడా అదే కదా. మోటార్‌వే మీద ఫ్రాన్స్‌లో 130 దాకా పోనిస్తారు, మీరు హెరాల్డ్‌లో 70 మీద పోతుంటే వెనక లారీవాడు మీ డిక్కీలోకి వస్తాడు.

ఈప్ర్‌తో మొదలుపెట్టండి. ఫ్లాండర్స్ అంటే బెల్జియంలో డచ్ మాట్లాడే భాగం, అక్కడి బోర్డుల మీద దాని పేరు ఈపర్ అని ఉంటుంది, మా లిల్ పేరేమో రేసెల్ అని, తెలియకపోతే అక్కడక్కడే తిరుగుతారు. ఊళ్లోకి వచ్చే దారిలో మెనిన్ గేట్ అని పెద్ద తోరణం కట్టారు, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయి సమాధి కూడా దొరకని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లు దాని గోడల మీద చెక్కి ఉన్నాయి. వాటిలో మనవాళ్ల పేర్లు వందల్లో ఉన్నాయి. రోజూ రాత్రి ఎనిమిదింటికి అక్కడ రోడ్డు ఆపేసి బ్యూగిల్ ఊదుతారు. 1928 నుంచి నడుస్తోంది, రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని ఆక్రమించినప్పుడు మాత్రమే ఆగింది. జూన్‌లో ఎనిమిదింటికి ఎండ ఇంకా ఉంటుంది, అరగంట ముందే వెళ్లి నిలబడండి, లేకపోతే వెనక వరసలో జనం తలకాయలు తప్ప ఏమీ కనబడవు. ఊరి పక్కనే హోలెబెక్ దగ్గర 1914 అక్టోబర్ 31న ఖుదాదాద్ ఖాన్ మెషిన్ గన్ వదలకుండా పోరాడాడు, బ్రిటిష్ సైన్యంలో అన్నిటికంటే పెద్ద సాహస పతకమైన విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి భారతీయ సైనికుడు ఆయనే.

అక్కడి నుంచి నవ్ షపెల్. ఇది మాత్రం తప్పనిసరి. 1915 మార్చి 10 నుంచి 13 దాకా జరిగిన పోరు, దాడి చేసిన దళంలో సగం మనవాళ్లే, మీరట్, లాహోర్ డివిజన్లు. అక్కడ గుండ్రంగా ప్రహరీ కట్టి, మధ్యలో పదిహేను మీటర్ల స్తంభం నిలబెట్టి, దాని రెండు వైపులా రాతి పులుల్ని కూర్చోబెట్టారు. 1927లో ఆవిష్కరించారు, ఢిల్లీలో సెక్రటేరియట్ బ్లాకులు కట్టిన హెర్బర్ట్ బేకరే దీన్నీ గీశాడు. స్తంభం పైన తామరపువ్వు, కిరీటం, కింద "దేవుడు ఒక్కడే, విజయం ఆయనదే" అని ఇంగ్లీషుతో పాటు అరబిక్, హిందీ, గురుముఖి లిపుల్లో కూడా చెక్కారు. సమాధి దొరకని మన సైనికులవి 4,700కు పైగా పేర్లు. చుట్టూ బంగాళదుంప చేలు, ఒక నాలుగు రోడ్ల కూడలి, అంతే, టికెట్టూ లేదు, గైడూ లేడు, చాలాసార్లు మనిషే ఉండడు. కారు పక్కన ఆపుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు.

సోమ్ వైపు వెళ్తే తియెప్వాల్ స్మారకం, ఇక్కడా సమాధి దొరకనివాళ్లవే 72 వేల పైచిలుకు పేర్లు. సోమ్ పోరు మొదలైన 1916 జూలై 1న ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. ఒక మాట, ఆ చేల అంచుల్లో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, ఒక్కోసారి ఏకంగా ఫిరంగి గుండ్లు రైతులు తీసి రోడ్డు పక్కన పెడుతుంటారు, బాంబు స్క్వాడ్ వచ్చి పట్టుకెళ్తుంది. సావనీర్ అని ముట్టుకోవద్దు. వందేళ్లు దాటినా వాటిలో కొన్ని ఇంకా పేలతాయి, కొన్నిట్లో విషవాయువు ఉంటుంది.

కార్ల సంగతి. మీవి తేవద్దు. ఇక్కడ సిట్రోయెన్ 2సీవీలు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, అవే తీసుకోండి. 1948లో పారిస్ షోలో చూపించిన బండి, 1990 దాకా తయారైంది. ఇంజన్‌కి రెండే సిలిండర్లు, గాలితోనే చల్లబడుతుంది, రేడియేటర్ గోలే లేదు. గేరు రాడ్ డాష్‌బోర్డులోంచి గొడుగు పిడిలా ముందుకి వస్తుంది, దాన్ని తిప్పుతూ లాగుతూ తోస్తూ వేయాలి. మొదటి గంట తిట్టుకుంటారు, తర్వాత దిగమన్నా దిగరు. నలుగురు పడతారు, గుడ్డ టాపు చుట్టేస్తే ఆకాశం కనబడుతుంది. అన్ని రోజులూ తీసుకోవద్దు, ఖర్చు ఎక్కువ. మామూలు వ్యాన్ ఒకటి మొత్తానికి పెట్టుకుని, ఈ పాత బళ్లు రెండు మూడు రోజులకి తీసుకోండి. అద్దె కాగితంలో ఇన్సూరెన్స్ ఎంతవరకు వస్తుందో, దేశం సరిహద్దు దాటనిస్తారో లేదో చదివాకే సంతకం పెట్టండి, కొందరు దాటనివ్వరు.

జీపు_గుంటూరు:

తమ్ముడు చెప్పింది బాగానే ఉంది గానీ, నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. పాత కార్ల క్లబ్ అని పేరు పెట్టుకుని అద్దె కారులో తిరిగొస్తే ఇంటికొచ్చాక ఎవరికి చెప్పుకుంటాం? నాది 3బి జీపు, హై బానెట్ మోడల్. మహీంద్రా వాళ్లు 1947 నుంచి విల్లీస్ జీపులు ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు, అంటే యుద్ధం నుంచి వచ్చిన బండికి నాది సొంత తమ్ముడు. జూన్ 6, అంటే 1944లో మిత్రసేనలు ఒడ్డున దిగిన రోజు చుట్టుపక్కల నార్మండీలో పాత జీపులు బీచ్ రోడ్ల మీద బారులు తీరి తిరుగుతుంటే, ఆ వరసలో ఏపీ నంబరు ప్లేటు ఒకటి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆరోమాంచ్ దగ్గర నీళ్లలో ఇంకా అప్పుడు కట్టిన కృత్రిమ రేవు తాలూకు కాంక్రీటు దిమ్మలు కనబడతాయి, అక్కడ జీపు పక్కన నిలబడి ఫొటో దిగాలని నాకెప్పట్నుంచో ఉంది.

రిపేరు వస్తుందని భయపెడతారు. 3బి రిపేరుకి కావలసింది ఒక స్పానర్ సెట్టు, ఒక పాయింట్ల సెట్టు, ఒక ఫ్యూయల్ పంప్ కిట్టు. ఆటోనగర్‌లో మా మేస్త్రి కళ్లు మూసుకుని కార్బరేటర్ విప్పుతాడు. ఆయన్ని కూడా తీసుకెళ్తాం.

ఫైళ్ల_పంతులు:

జీపు అన్నగారూ, మీ మేస్త్రికి వీసా ఎవరు తీయిస్తారు? సరే, తమాషా పక్కన పెడితే, కాగితాలు చూసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి లెక్క చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

బండి దేశం దాటి వెళ్లి మళ్లీ సుంకం కట్టకుండా వెనక్కి రావాలంటే మామూలుగా వాడేది కార్నె అనే కస్టమ్స్ పత్రం. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. బండి విలువను బట్టి బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, బండి తిరిగొచ్చి కార్నె మీద ముద్రలన్నీ సరిగ్గా పడ్డాకే ఆ గ్యారంటీ వదులుతారు. ఒక్క చెక్‌పోస్టులో ముద్ర మిస్సయినా నెలల తరబడి టెన్షన్. పాత బళ్ల ఎగుమతి మీద వేరే నిబంధనలు కూడా ఉన్నాయి, అందుకని ఎగుమతులు చూసే కేంద్ర శాఖ డీజీఎఫ్‌టీ దగ్గరా, కస్టమ్స్ దగ్గరా రాతపూర్వకంగా అడిగి జవాబు చేతిలో పెట్టుకోకుండా కంటైనర్ బుక్ చేయొద్దు. బ్రోకరు "ఏం కాదు సార్" అన్నాడని నమ్మొద్దు. మా దగ్గరికి ఒకాయన కేసు వచ్చింది, పేరు చెప్పను, బ్రోకరు మాట మీద కంటైనర్ రేవు దాకా పంపి, ఒక కాగితం లేదని అక్కడే ఆగిపోయి, నిలబెట్టిన రోజులకి అద్దె కట్టి వెనక్కి తెచ్చుకున్నాడు.

ఇంకో సంగతి, 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద వీఏ సిరీస్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ అలా చేస్తే రోజువారీ వాడకం కుదరదు, ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, రిపేరు లాంటి వాటికే రోడ్డెక్కాలి. అందుకని మీ బళ్లు ఏ కేటగిరీలో ఉన్నాయో ముందు చూసుకోండి.

ఓడ సంగతి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాయి, రోజులు పెరిగాయి. మే నెలాఖరుకి బండి బెల్జియం రేవు ఆంట్‌వెర్ప్‌లో ఉండాలంటే సంక్రాంతి లోపు కాగితాలు పూర్తి కావాలి. మన మోటార్ పాలసీ యూరప్‌లో పనికిరాదు, సరిహద్దు దగ్గర అమ్మే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ వేరే కొనాలి. బ్రసెల్స్, ఆంట్‌వెర్ప్, ఘెంట్ నగరాల్లో పొగ ఎక్కువ వదిలే పాత ఇంజన్లకు ఆంక్షలున్నాయి, బయటి దేశం ప్లేటుంటే ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయాలి. మన స్టీరింగ్ కుడి వైపు, అక్కడ నడిపేది రోడ్డుకి కుడి వైపు, ఓవర్‌టేక్ చేయాలంటే పక్క సీట్లో కూర్చున్నవాళ్లు తొంగి చూసి చెప్పాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాడి కళ్లలో పడకుండా స్టిక్కర్లు వేయాలి.

మనుషుల కాగితాలు తేలిక. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు పడుకుంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, బెల్జియమా ఫ్రాన్సా అన్నది ముందే తేల్చుకుని హోటళ్లు బుక్ చేయండి. 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇంగ్లండ్ కూడా కలుపుదాం అని ఎవరైనా అంటే దానికి వీసా వేరే. నడిపేవాళ్లందరూ ఆర్‌టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది, ఒరిజినల్ లైసెన్సు కూడా జేబులో ఉండాలి.

జీపు_గుంటూరు:

పంతులుగారూ, మీరు చెప్పింది వింటుంటే నా జీపు గుంటూరు దాటేలా లేదు. అయినా నేను ముంబైకి ఫోన్ చేసి కనుక్కుంటా.

అరండల్‌పేట_మాస్టారు:

నేను చరిత్ర చెప్పి రిటైరైన వాణ్ణి, కార్ల గురించి నాకేమీ తెలియదు, మా ఇంట్లో ఉన్నది ఒక స్కూటర్. కానీ ఎక్కడ ఏం చూడాలో చెప్పగలను.

వాటర్లూకి వెళ్తే అక్కడ మట్టి దిబ్బ మీద సింహం బొమ్మ ఉంటుంది, పైకి 226 మెట్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు కిందనే ఆగి పనోరమా చిత్రం చూసుకోవచ్చు. 1815 జూన్ 18న అక్కడ నెపోలియన్‌ని ఓడించిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్, 1799లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు మీదికి వెళ్లిన సైన్యంలో ఉన్నవాడే, 1803 సెప్టెంబరులో అస్సాయె దగ్గర మరాఠాలతో తలపడ్డవాడే. దక్కన్‌లో నేర్చుకున్న యుద్ధం అక్కడ పనికొచ్చిందా అన్నది పెద్ద చర్చ, కానీ మీరు ఆ పోరు జరిగిన హూగుమాన్ అనే పాత ఫారంహౌస్ గోడ పక్కన నిలబడి ఆ మనిషి మన వైపు నుంచి వెళ్లినవాడని గుర్తుంచుకుంటే చూసే చూపు వేరుగా ఉంటుంది.

సోమ్‌లో అందరూ తియెప్వాల్ చూసి వెనక్కి వచ్చేస్తారు. మీరు లోంగ్వాల్ ఊరి పక్కనున్న హై వుడ్ అనే చిన్న అడవి దాకా వెళ్లండి. 1916 జూలై 14 సాయంత్రం 20వ డెక్కన్ హార్స్ అనే గుర్రపు దళం, ఒక బ్రిటిష్ దళంతో కలిసి, ఈటెలు పట్టుకుని గోధుమ చేలలోంచి మెషిన్ గన్ల మీదికి వెళ్లింది. ఆ దళం పుట్టుక నిజాం దగ్గరున్న గుర్రపు దళాల్లో. డెక్కన్ అని పేరున్నా అందులో జాట్లు, సిక్కులు కూడా ఉన్నారు, అందరూ హైదరాబాద్ వాళ్లని మురిసిపోకండి. ఆ అడవి మాత్రం సెప్టెంబరు మధ్య దాకా చేతికి రాలేదు. అది ప్రైవేటు ఆస్తి, లోపలికి పోవద్దు, అంచున ఉన్న రోడ్డు మీద నుంచి చూడవచ్చు. ఇంకా తూర్పుకి వెళ్తే విలేర్ గిలేన్ అనే ఊళ్లో భారత సైనికుల స్మారకం ఉంది, 2018 నవంబరులో మన వెంకయ్యనాయుడుగారు ఉపరాష్ట్రపతి హోదాలో వెళ్లి ఆవిష్కరించారు. ఆ దగ్గర్లోనే 1917 డిసెంబర్ 1న గోబింద్ సింగ్ మూడుసార్లు కబురు మోసుకెళ్లాడు, మూడుసార్లూ కింద గుర్రం చచ్చిపోయింది, మనిషి బతికి విక్టోరియా క్రాస్ తెచ్చుకున్నాడు.

మన తెలుగువాళ్ల ఆనవాళ్లు కావాలంటే మాత్రం ఫ్రాన్స్ కంటే ఇటలీలో వెతకాలి. రెండో ప్రపంచయుద్ధంలో మద్రాస్ శాపర్స్ అనే ఇంజనీరింగ్ దళంవాళ్లు అక్కడ నదుల మీద వంతెనలు వేస్తూ, మందుపాతరలు తీస్తూ వెళ్లారు, ఆ దళంలో తమిళులతో పాటు మనవాళ్లూ ఉన్నారు. 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర సుబేదార్ సుబ్రమణ్యన్ పేలబోతున్న మందుపాతర మీద పడిపోయి తన వాళ్లని కాపాడాడు, జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చారు. ఈసారి కుదరకపోతే ఇటలీ ఇంకో ఏడాదికి పెట్టుకోండి, రెండూ కలపొద్దు.

వెళ్లేముందు ఒక పని చేయండి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, మిలిటరీ మాధవరం అంటారు, తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్న ఊరు. మీ ఆదివారం ఇడ్లీ ప్రయాణాన్ని ఒకసారి అటు తిప్పండి. అక్కడి పెద్దవాళ్లని అడిగితే తాతలు ఏ దళంలో, ఏ దేశంలో పనిచేశారో చెప్తారు. ఈ సైనికుల సమాధులు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో, దళంతో, శ్మశానవాటిక పేరుతో వెతుక్కోవచ్చు, కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఒక పేరు చేతిలో పెట్టుకుని వెళ్తే ఆ తెల్లరాళ్ల మధ్య ఏం వెతకాలో మీకు తెలుస్తుంది. హిందూ సైనికుల రాళ్ల మీద పైన నాగరి లిపిలో "ఓం భగవతే నమః" అని ఉంటుంది, దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

సోమరి_సూరిబాబు:

ఇంత ఖర్చెందుకు మాస్టారూ, యూరపోళ్ల యుద్ధం చూడాలంటే బందరు పోతే చాలదా? 😄

అరండల్‌పేట_మాస్టారు:

నవ్వులాటకి అన్నారేమో గానీ అది నిజమే. ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్లు ఏడేళ్ల యుద్ధం అని యూరప్ అంతా కొట్టుకుంటున్నప్పుడే, 1758 డిసెంబరులో ఇక్కడ చందుర్తిలో, 1759 ఏప్రిల్‌లో బందరు కోట దగ్గర అదే యుద్ధం చేశారు. కల్నల్ ఫోర్డ్ రాత్రిపూట బురదలోంచి వెళ్లి ఫ్రెంచివాళ్ల కోట పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల పని దాంతో అయిపోయింది. ట్రయల్ రన్‌కి బందరు బ్రహ్మాండంగా ఉంటుంది, పాత కార్లకి రోడ్డు కూడా చదునే.

సుధ_మాచవరం:

పద్మిని గారూ, ఆడవాళ్లకి బోర్ కొట్టదా అని అడిగారు. మావారి ఫియట్‌ని పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేసేది నేనే, ఆయనకి ఓపిక లేదు. బోర్ కొట్టేది సమాధుల వల్ల కాదు, మగవాళ్లు బానెట్ ఎత్తి చుట్టూ నిలబడి గంటసేపు ఇంజన్‌లోకి చూస్తూ ఉంటే మేము రోడ్డు పక్కన బాత్రూమ్ ఎక్కడుందో తెలియక నిలబడతాం చూడండి, దానివల్ల. కాబట్టి రోజుకి ఎక్కడెక్కడ ఆగుతామో, ఎక్కడ తింటామో ముందే రాసి అందరికీ ఇవ్వండి. పల్లెటూళ్ల రోడ్ల మీద పోదాం అంటున్నారు, బాగుంది, మరి మధ్యాహ్నం భోజనం వేళ దాటితే ఆ పల్లెటూళ్లలో హోటలు తెరిచి ఉంటుందా? లిల్ తమ్ముడు చెప్పాలి. పచ్చళ్లు తేవచ్చా లేదా అది కూడా.

తెనాలి_టు_లిల్:

అక్కా, అసలు ప్రశ్న మీరే అడిగారు. ఇక్కడ ఊళ్లలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపు తినేయాలి, రెండు దాటితే వంటగది మూసేస్తారు, బతిమాలినా పెట్టరు. ఆదివారం, సోమవారం చాలా హోటళ్లు తెరవరు. అందుకని పొద్దున సూపర్ మార్కెట్‌లో బ్రెడ్డు, పండ్లు, పెరుగు కొనుక్కుని కారులో పెట్టుకోండి. ఫ్రైస్ ఎక్కడైనా దొరుకుతాయి గానీ బెల్జియంలో కొన్ని చోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు, శాకాహారులు అడిగి తినండి. పచ్చళ్లు తేవచ్చు, ఆవకాయ, గోంగూర, కందిపొడి ఏదైనా. నెయ్యి, పాలకోవా లాంటి పాలపదార్థాలు, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. అపార్ట్‌మెంట్లు తీసుకుంటే కుక్కర్ పెట్టుకోవచ్చు, ఈప్ర్‌లో నాలుగైదు రాత్రులు, ఫ్రాన్స్ వైపు అరాస్‌లో మూడు నాలుగు రాత్రులు ఉంటే మధ్యలో సామాన్లు సర్దే బాధ తప్పుతుంది.

పెట్రోలు బంకులో జాగ్రత్త. ఫ్రాన్స్‌లో గాజోల్ అని రాసి ఉంటే అది డీజిల్, గ్యాసోలిన్ అనుకుని కొట్టించేవాళ్లున్నారు. పాత బండికి ఎస్‌పీ 98 రకం పెట్రోలు కొట్టించండి, ఇథనాల్ తక్కువ ఉంటుంది, రబ్బరు పైపులు పాడవ్వవు. ఊళ్లలో బోర్డు లేని కూడలి దగ్గర కుడి పక్క నుంచి వచ్చేవాడికి దారివ్వాలి, వాడు సందులోంచి సైకిల్ మీద వచ్చినా సరే. ఈ ఒక్క రూలు తెలియకే మనవాళ్లు ఇబ్బంది పడతారు. కారులో దూరానికి మెరిసే సేఫ్టీ జాకెట్, ముక్కోణం బోర్డు ఉండాలి, అద్దె బండిలో ఉన్నాయో లేదో తాళం తీసుకునేటప్పుడే చూసుకోండి.

అన్నట్టు కార్ల పిచ్చోళ్లు కాబట్టి ఒకటి చెప్పడం మరిచాను. తిరుగు విమానం పారిస్ నుంచి పెట్టుకుంటే అన్వాలీద్ మిలిటరీ మ్యూజియంలో మార్న్ టాక్సీ చూడవచ్చు. 1914 సెప్టెంబరు మొదట్లో జర్మన్లు పారిస్ దగ్గరికి వచ్చేస్తే, ఊళ్లోని రెనో టాక్సీలు ఆరు వందల దాకా పోగేసి సైనికుల్ని ఎక్కించి రాత్రికి రాత్రి ముందుకి పంపారు. యుద్ధం గెలిపించింది ఆ టాక్సీలే అనడం అతిశయోక్తి, మోసింది సైన్యంలో చిన్న భాగాన్నే. కానీ మీటర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, తర్వాత సర్కారు మీటరు మీద 27 శాతం లెక్కకట్టి డ్రైవర్లకి డబ్బిచ్చింది.

వెర్దూన్ ఈ ముడిలో పడదు, దూరం. కానీ ఎవరికైనా రెండు రోజులు మిగిలితే బార్ లె దుక్ నుంచి వెర్దూన్ వెళ్లే రోడ్డు మీద పోండి. 1916లో వెర్దూన్ పోరు సాగిన పది నెలల పాటు ఫ్రెంచి సైన్యానికి తిండీ తూటాలూ ప్రధానంగా ఆ దారినే లారీల్లో వెళ్లాయి. జోరు మీద ఉన్నప్పుడు పద్నాలుగు సెకన్లకి ఒక బండి చొప్పున రాత్రీ పగలూ ఆగకుండా నడిపారు, చెడిపోయిన లారీని రిపేరు చేసుకోనిచ్చేవాళ్లు కాదు, పక్క కాలవలోకి తోసేసి వెనక బళ్లని పోనిచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ రోడ్డు నంబరే డి1916, కిలోమీటరు రాళ్ల మీద సైనికుడి హెల్మెట్ బొమ్మ ఉంటుంది. మోటారు బండి మీద ప్రేమ ఉన్నవాళ్లకి వాటర్లూ కంటే ఆ రోడ్డే ఎక్కువ నచ్చుతుందని నా అనుమానం.

బందర్‌రోడ్_పద్మిని:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. నిన్న సాయంత్రం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈప్ర్, నవ్ షపెల్, సోమ్, చివర్న వాటర్లూ అని ఖాయం చేశాం, నార్మండీ తీసేశాం, స్టాలిన్‌గ్రాడ్ ఆయన అలిగాడు. వాటర్లూ చూసి బ్రసెల్స్ నుంచే వెనక్కి వద్దామన్నారు మొదట, ఇప్పుడు టాక్సీ సంగతి చదివాక పారిస్ అంటున్నారు. మొత్తానికి వ్యాన్లు, మూడు రోజులకి 2సీవీలు. ఫ్రాన్స్‌లోనే రాత్రులు ఎక్కువ పడేలా అరాస్‌లో ఒక రాత్రి పెంచాం, వీసా అటే పెడతాం. రోజువారీ ఆగే చోట్లు రాసే పని సుధ గారు తీసుకున్నారు, ఆవిడ రాసిందే ఫైనల్.

వచ్చే ఆదివారం కాకుండా ఆపై ఆదివారం మాధవరం వెళ్తున్నాం. మాస్టారూ, మీరు కూడా రావాలి, మోరిస్ మైనర్‌లో ముందు సీటు మీకే. ఆ ఊరి పెద్దవాళ్లని ఏం అడగాలో మాకంటే మీకే బాగా తెలుసు.

లిల్ తమ్ముడూ, ఒకటి మిగిలింది. మావాళ్లలో ఇద్దరికి ఎడమ చేత్తో గేరు వేసే అలవాటే, కుడి చేత్తో ఆ డాష్‌బోర్డు గేరు వేయగలరా అని భయపడుతున్నారు. అద్దెకిచ్చేవాళ్లు కాసేపు నేర్పుతారా?

తెనాలి_టు_లిల్:

నేర్పుతారన్నా, బండి ఇచ్చేముందు ఒక రౌండు కొట్టించి చూపిస్తారు. అయినా వాళ్లిద్దర్నీ పద్మిని నడిపి రమ్మనండి, స్టీరింగ్ పక్కన కాలమ్ గేరు వేసినవాడికి ఇదేం పెద్ద లెక్క కాదు. బుకింగ్ మాత్రం జనవరిలోనే చేయండి, మే, జూన్ వారాంతాల్లో పెళ్లిళ్లకి ఆ కార్లన్నీ పోతాయి.

జీపు_గుంటూరు:

ముంబైకి ఫోన్ చేశా. గ్యారంటీ ఎంత పెట్టాలో విన్నాక మా ఆవిడ ఫోన్ లాక్కుంది. నాకూ ఒక 2సీవీ సీటు రాయండి, కిటికీ పక్కన.